ఉపాయము తొలగు వేళ

మహాయాన బౌద్ధుల ప్రాచీన సూత్రములలో కాశ్యపపరివర్తమను గ్రంథమొకటి కలదు. అందు బుద్ధుడు కాశ్యపుని ఒక రోగిని గూర్చి ప్రశ్నించును. వైద్యుడొకడు రోగికి మందిచ్చెను. ఆ మందు కోష్ఠమున జొచ్చి అందలి దోషముల నన్నింటిని వెడలగొట్టెను. కాని తాను మాత్రము వెడలిపోక కడుపులోనే నిలిచిపోయెను. ఆ రోగి స్వస్థుడైనట్లేనా? కాడనియు, పైపెచ్చు అతని వ్యాధి మునుపటికంటె ముదిరినట్లే యగుననియు కాశ్యపుడు బదులు చెప్పును. శూన్యత యనునది సకల దృష్టులనుండియు విడిపించు ఔషధమనియు, ఆ శూన్యతనే మరియొక దృష్టిగా పట్టుకొని కూర్చున్నవానికి ఇక చికిత్స లేదనియు దీని తాత్పర్యము. నాగార్జునుని మూలమధ్యమకకారికలలో పదమూడవ ప్రకరణము ఈ భావముతోనే ముగియుచున్నది. దానిని వ్యాఖ్యానించుచు చంద్రకీర్తి ఈ మందు కథనే ఉదాహరించెను.

ఈ కథను చదివినవారు శతాబ్దుల పొడుగున దానిని శూన్యతావిచారమునకు మెట్టుగా వాడుకొని, మెట్టెక్కిన పిదప మందును మరచిపోయిరి. కాని ఏ సాధనమునకైనను పరీక్షలు రెండున్నవి: తలపెట్టిన పని చేసినదా యనునది మొదటిది, చేసిన పిదప తాను తొలగినదా యనునది రెండవది. లోకవ్యవహారమున మనము మొదటి ప్రశ్నతోనే తృప్తిపడుదుము. రెండవదానిని పట్టువిడువక అడిగినవారు మన దేశమున బౌద్ధులును వేదాంతులును. ఇప్పుడు ఆ ప్రశ్ననే, ఉపమానముగా గాక అక్షరాలా, కడుపులోని మందును గూర్చియే అడుగుచున్న మరియొక వర్గము కలదు. వారు ప్రేగులలోనికి గొట్టమును దించి లోని గడ్డలను కోసి తీయు ఎండోస్కోపీ వైద్యులు. కోయుటకు ముందు పొర నెత్తుటకై వారు సూదితో నెక్కించు ద్రవములలో ఏది మేలైనదని జరుగుచున్న చర్చను అనుసరించినకొలది, ఉపాయమునకును ఉపేయమునకును గల సంబంధమును గూర్చి మన దర్శనగ్రంథములు లేవనెత్తిన చిక్కులు కొన్ని అచట తేటపడుచున్నట్లు నాకు తోచును.

పెద్దప్రేగు గోడ నాలుగు పొరల కూర్పు. అన్నింటికంటె లోపలిది శ్లేష్మపొర, దానిక్రింద వదులైన నారలును రక్తనాళములును గల ఉపశ్లేష్మపొర, దానిక్రింద కండరపొర, వెలుపల పలుచని కప్పు. నాలుగును కలిపినను గోడ మందము కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. ప్రేగు మొదలైన కుడివైపున అది మరింత పలుచన. పాలిపులని చెప్పబడు గడ్డలు లేచునది లోపలి శ్లేష్మపొరనుండి. వానిలో కొన్ని ఏండ్లు గడచినమీదట కాన్సరుగా మారును గనుక ముందుగానే తీసివేయుట మేలు. కాడ కలిగి వ్రేలాడు గడ్డకు తీగ ఉచ్చు తగిలించి, బిగించి, విద్యుత్తుతో కోయుట అంత కష్టము కాదు. 1969లో న్యూయార్కు నగరమున వుల్ఫ్, షిన్యా అను వైద్యులిద్దరు కొలనోస్కోపు ద్వారా ఆ పని చేసి చూపిరి. చిక్కంతయు కాడలేక గోడకంటుకొని బల్లపరుపుగా పరచుకొన్న గడ్డలతోనే. వానికి తగిలించిన ఉచ్చు క్రింది కండరమునుగూడ పట్టవచ్చును. విద్యుత్తు వేడి ఆ కండరమును కాల్చవచ్చును. గోడకు రంధ్రము పడినచో ప్రేగులోని మాలిన్యము ఉదరకుహరమున జొచ్చి ప్రాణాపాయము కలిగించును. తీయవలసినదానికిని తాకరానిదానికిని నడుమ నున్న దూరము వెండ్రుకవాసి.

కావున వైద్యుడు ఆ దూరమును తానే కల్పించును. సన్నని సూదిని ఉపశ్లేష్మపొరలోనికి గ్రుచ్చి ద్రవము నెక్కించినంతనే, ఆ వదులైన పొర నీటిబొబ్బయై ఉబ్బి, పైపొరను గడ్డతో సహా పైకెత్తి, కండరమును క్రిందనే విడిచిపెట్టును. 1955లో రోజెన్‌బర్గ్ అను శస్త్రవైద్యుడు పురీషనాళమునందలి గడ్డలను కాల్చుటకు ముందు ఆ పొరలో ఉప్పునీరెక్కించి, అది రక్షణగా నిలుచు గోడ యగునని ప్రకటించెను. 1980ల నుండి జపాను వైద్యులు ఈ ఉపాయమును విస్తరింపజేసి, 1990ల చివరికి పెద్ద గడ్డనైనను ముక్కలు చేయక ఒకే ఫలకముగా ఒలిచితీయు విద్యగా తీర్చిరి. 2008లో ఇనోవే అను జపాను వైద్యుడు అన్నవాహిక పొరల నడుమ సొరంగమును చేసికొనిపోయి, బిగిసియున్న దిగువ కండరమును లోపలినుండియే కోసి, మ్రింగుడు పడని రోగికి ఉపశమనము కలిగించెను. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి కేంద్రములలో నేడది తరచుగా జరుగు చికిత్స. అన్నము నడచు లోపలి దారి మొదటి అవకాశము, ఉదరకుహరము రెండవది, పొరల నడుమ కల్పించుకొన్న ఈ చోటు మూడవ అవకాశము అని వైద్యులు లెక్కించుచున్నారు.

ఈ మూడవ అవకాశము ద్రవమెక్కించుటకు ముందు ఉండెనా? ఆకాశము నిత్యము, విభువు అని చెప్పు నైయాయికుడు, కుండ చేసినంత మాత్రమున క్రొత్త ఆకాశము పుట్టనట్లే సూది గ్రుచ్చినంత మాత్రమున క్రొత్త చోటు పుట్టలేదనును. ద్రవము కేవలము ఉపాధి యనును. వైద్యునికి ఆ వాదము పట్టదు. అంటియున్న రెండు పొరలు కోత ముగియువరకు ఎడముగా నిలిచిన చాలును. ఆత్మానాత్మ వివేకమును గూర్చి వేదాంతులు చెప్పు మాటలలో నాకెల్లప్పుడును సంశయముగా నున్న యొక చోటు ఇచట కొంత విడిపోవుచున్నది. దేహమును నేనును వేరని గ్రంథము చెప్పును. అనుభవమున ఆ రెండింటి నడుమ సూదిమోపునంత ఎడమును లేదు. శ్రవణమననములు చేయు పని ఎప్పటినుండియో ఉన్న ఎడమును చూపుట కాదు, అధ్యాసను కోయుటకు చాలినంత ఎడమును తాత్కాలికముగా కల్పించుట యని యనుకొన్నచో, ఆ ఎడము సత్యమా అసత్యమా యను తగవు కొంత సడలి, అది ఎంతసేపు నిలుచునను ప్రశ్న ముందునకు వచ్చును. ద్రవముల చర్చయు సరిగా అచ్చటనే మొదలగుచున్నది.

అన్నింటికంటె సులభమైనది సెలైన్: నూటికి 0.9 పాళ్ళు ఉప్పు గల నీరు. అది చవక, ఎచ్చటనైనను దొరకును, దేహద్రవములతో సమమైన గాఢత కలది గనుక కణములకు హాని చేయదు, ఎంత సన్నని సూదిలోనైనను తేలికగా సాగును. దాని దోషమొక్కటే: నిలువదు. కొద్ది నిమిషములలో చుట్టుప్రక్కల రక్తనాళములును రసనాళములును దానిని పీల్చుకొనును. ఉబ్బిన బొబ్బ చదునగును. ఉచ్చు బిగించుటకు సిద్ధపడిన వైద్యుడు మరల సూది నందుకొనవలెను. చిన్న గడ్డకు ఇది చాలును. గంటలకొలది సాగు ఒలుపుడు పనిలో మాత్రము, ఎత్తిన పొర మాటిమాటికి క్రుంగుచుండుటచే పని జాగగును, కత్తి కొన కండరమునకు చేరువగును. శ్మశానమున నిలిచినవాని చిత్తమునకు కలుగు తాత్కాలిక వైరాగ్యమును గూర్చి మన పెద్దలు శ్మశానవైరాగ్యమని పరిహసించినది ఇటువంటి వైఫల్యమునే. దానియందు కల్మషము లేదు, హాని లేదు. పని ముగియువరకు ఉండకపోవుటయే దానియందలి లోపము.

ఇట్లు నిలువని ద్రవమునకు ప్రతిగా నిలుచు ద్రవమును వెదకుట సహజము. ఉప్పునో చక్కెరనో గాఢముగా కలిపినచో నీరు త్వరగా ఇంకదు. కాని గాఢమైన గ్లూకోజు ద్రావణము కణజాలమును దెబ్బతీయుటయు కానవచ్చినది. జపానులో గ్లిసరాలును, ఫ్రక్టోజును సెలైనులో కలిపిన ద్రావణమునకు ఆదరము లభించినది. మెదడు వాపును తగ్గించుటకు నరములోనికెక్కించు మందే ఇది. నూటికి పది పాళ్ళు గ్లిసరాలు. దానికంటెను మిక్కిలిగా నిలుచునది హయలురోనిక్ ఆమ్లము. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు న్యూయార్కులో ఆవు కంటిలోని గాజురసమునుండి దీనిని వేరుచేసిరి. కీళ్ళలోని జిగట నీటియందును, చర్మమునందును, బొడ్డుత్రాడునందును స్వభావముగానే ఉండు వస్తువిది. దీర్ఘమైన అణువుల గొలుసు గనుక నీటిని పట్టి విడువదు. ఒకప్పుడు కోడిపుంజుల తలమీది తురాయినుండి తీసెడివారు. పిదప సూక్ష్మజీవులను పెంచి తీయ నేర్చిరి. దానితో ఎత్తిన పొర సెలైనుతో ఎత్తినదానికంటె చాలసేపు ఎత్తుగనే యుండును. దేహము తనయందలి ఎంజైములచే దానిని మెల్లమెల్లగా విడగొట్టుకొనును. మరి లోపమేమనగా, వెల హెచ్చు. మిగిలిపోయిన కాన్సరు కణములకు అది ఊతమియ్యవచ్చునని జంతువులపై జరిగిన పరిశోధన యొకటి శంకను రేపినది, ఇదియు విస్మరింపరానిది. జెలటిన్, స్టార్చి, సెల్యులోజు మొదలైన వానినుండి చేసిన చిక్కని ద్రవములు వీనికి నడుమ నిలుచును. 2010లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిన యొక పరిశీలనలో, ఏ ద్రవమో రోగికిని వైద్యునికిని తెలియనీయక పోల్చిచూడగా, సెలైనుకంటె జెలటినుతో గడ్డలు తక్కువ ముక్కలుగా తెగివచ్చినవనియు, పని త్వరగా ముగిసినదనియు తేలినది. పెద్ద గడ్డలకు చిక్కని ద్రవమే మేలని అటుపిమ్మట ఐరోపా, అమెరికా వైద్యసంఘములును సూచించినవి.

ఇంతవరకు కథ సాగిన తీరు చూచినచో, నిలుకడయే గుణమనియు, ఎంత ఎక్కువసేపు నిలిచిన అంత మేలనియు ఎవరికైనను తోచును. ఈ తలంపునకు చెంపపెట్టు పెట్టినది 2018 ప్రాంతమున అమెరికాలో వాడుకకు వచ్చిన ఒక జెల్. అది పొరను చక్కగా ఎత్తినది, చాలసేపు ఎత్తినది. కాని కోసి తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన పాథాలజిస్టులకు అందు రూపురేఖలు లేని గులాబిరంగు పదార్థము ముద్దలుముద్దలుగా కానవచ్చినది. కొందరు దానిని అమైలాయిడని భ్రమపడిరి. ప్రేగు గోడలో మిగిలిన జెల్‌ను దేహము పరాయివస్తువుగా గుర్తించి, దానిచుట్టు బహుకేంద్రకములుగల మహాకణములను మోహరింపజేసినది. కొన్నిచోట్ల అది గట్టిపడి, కొన్ని వారముల పిదప చూచినవారికి క్రొత్త గడ్డయేమో యను అనుమానము కలిగించినది. గడ్డను తీయ వచ్చిన సాధనము తానే గడ్డ వేషము దాల్చినది. కాశ్యపుడు చెప్పిన ఉత్తరమున కింతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము దొరకునా?

అయితే ఇచట త్వరపడి నిలుకడను దోషమని నిందించుటయు తగదు. వెంటనే పోవుట గుణమైనచో సెలైను అన్నింటికంటె గొప్పది కావలసినది, కాలేదు. తొలగుటకు వేళ యున్నది. ఆ వేళను నిర్ణయించునది ద్రవము కాదు, కోత. ఈ సంగతి మన దర్శనకారులకు తెలియకపోలేదు. వారు ఉదాహరణములను ఏరుకొన్న తీరే దానికి సాక్ష్యము. అవిద్యను పోగొట్టు జ్ఞానముగూడ అవిద్యా పరిధిలోనిదే గదా, దానిని మరియేది పోగొట్టుననెడి ఆక్షేపమునకు వాచస్పతిమిశ్రుడు భామతిలో మూడు దృష్టాంతము లిచ్చును: పాలు పాలను జీర్ణింపజేసి తామును జీర్ణించును, విషము విషమును శమింపజేసి తానును శమించును, చిల్లగింజ పొడి బురదనీటిలో కలిసి, ఇతరమైన మురికినంతయు క్రిందికి దిగలాగి, దానితోపాటు తానును అడుగంటును. మూడవదానిని శంకరుల పేరుగల ఆత్మబోధమునను చూతుము. ఈ మూడింటిలోను సాధనము పనికి ముందు పోదు, పని ముగిసిన పిదప మిగులదు. పని ముగియుటయు సాధనము తొలగుటయు ఒకే క్రియకు రెండు ముఖములు. చిల్లగింజను గూర్చి ఒక చిన్న మాట చెప్పవలెను: ఆ పొడి నిజముగా మాయము కాదు, కుండ అడుగున ఉండును, తేరిన నీటిని పైపైన వంచుకొన నేర్చినవాడే దాని ప్రయోజనమును పొందును. వేదాంతులు ఆ సంగతిని చూచియు చూడనట్లు దాటిపోయిరని నాకనిపించును.

బౌద్ధులు చెప్పు తెప్ప దృష్టాంతము దీనికి భిన్నము. ఏరు దాటినవాడు తెప్పను నెత్తికెత్తుకొని పోరాదు, ఒడ్డున విడిచిపోవలెనని బుద్ధుని ఉపదేశము. ఇచట తెప్ప తనంతట తాను పోదు. దాటినవాడు విడువవలెను, విడుచుటకు అతనికి వివేకము కావలెను. ద్రవము తెప్పవంటిది కాదు. మత్తులో నున్న రోగి దానిని విడువలేడు. ఎక్కించిన వైద్యుడును దానిని వెనుకకు తీసికొనలేడు. కనుక తొలగు గుణము ద్రవమునందే ఇమిడియుండవలెను. ఎక్కించుటకు ముందే దానియందలి వియోగమును నిశ్చయించుకొని యుండవలెను. గురువులు శిష్యునికిచ్చు మంత్రములలోను, నియమములలోను, వ్రతములలోను తెప్పజాతివెన్ని, చిల్లగింజజాతివెన్ని యని విచారించినచో, శిష్యుని వివేకముపై భారము వేయు మొదటి జాతివే మిక్కిలి కానవచ్చును. వయసు మీరినను విడువని నియమములు, ఏరు దాటి ఏండ్లయినను నెత్తిన మోయబడు తెప్పలు మన ఇండ్లలో ఎన్ని లేవు! ఇచ్చినవారు అవి ఎప్పుడు కరగిపోవునో ఆలోచించి యిచ్చియుండిన ఈ మోత కొంత తప్పెడిది.

ద్రవము పొర నెత్తుట ఒక్కటే చేయదు. ఎత్తకపోవుటచేతను అది పని చేయును. 1994లో జపాను వైద్యులు ఒక విశేషమును గుర్తించి ప్రకటించిరి. కాన్సరు శ్లేష్మపొరను దాటి లోతుగా దిగినపుడు ఆ చోట పొరలు ఒకదానికొకటి బిగిసిపోవును గనుక, ద్రవమెక్కించినను చుట్టుప్రక్కల ఉబ్బును గాని గడ్డ మాత్రము లేవదు. లేవని గడ్డను ఉచ్చుతో తీయబూనుట ప్రమాదము. అది శస్త్రచికిత్సకు విడువదగినది. లేకపోవుటనుండి ఉన్నదానిని తెలిసికొను ఈ పద్ధతిని చూచినచో భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణముగా నిలుపుటకై పడిన శ్రమ గుర్తునకు వచ్చును. వారు ఊరక అనుపలబ్ధి యనలేదు. యోగ్యమైన అనుపలబ్ధి యనిరి. కుండ ఉండినచో కనబడదగినంత వెలుతురున్నపుడే, కనబడకపోవుట కుండ లేదనుటకు ప్రమాణమగును. సూది మరీ లోతుగా దిగి కండరమును దాటినను పొర లేవదు. మరీ పైపైన గ్రుచ్చినను లేవదు. అట్టిచోట లేవకపోవుట గడ్డను గూర్చి ఏమియు చెప్పదు, వైద్యుని చేతిని గూర్చి చెప్పును.

చేయి సరిగానున్నను చిక్కు తీరదు. అంతకుముందు ఎవరో ఆ గడ్డనుండి బయాప్సీకై ముక్క తీసియుండవచ్చును, సగము కోసి విడిచియుండవచ్చును; ఆ గాయము మానుటలో ఏర్పడిన మచ్చయు పొరలను బిగించివేయును. అప్పుడు కాన్సరు లేకయే గడ్డ లేవదు. పొగ యున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటెల్ల పొగ యుండదు, పచ్చికట్టె యను ఉపాధి కావలెనని తర్కశాస్త్రము మొదట నేర్పు పాఠము. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున బాలురకుగూడ సుబోధమగునట్లు దీనిని సెలవిచ్చెను. లేవకపోవుట యను హేతువు ఇచట వ్యభిచరించుచున్నది. అనుభవజ్ఞుడు గడ్డ ఉపరితలమును చక్కగా పరిశీలించి చేయు నిర్ణయమే లేవకపోవుటకంటె నమ్మదగినదని తరువాతి జపాను పరిశీలన యొకటి తేల్చినది. అనుమానముకంటె ప్రత్యక్షము బలీయమని దానిని చార్వాకుడు తన పక్షమునకు లాగుకొనిన లాగుకొనుగాక. చూచుట నేర్చినవాని ప్రత్యక్షము ఎన్ని అనుమానముల ఫలమో అతడు లెక్కించుకొనవలసియుండును.

ఇక ఈ ద్రవములు పుట్టిన చోటుల ప్రశ్న. చరకుడు ద్రవ్యములను జాంగమములు, ఔద్భిదములు, పార్థివములు అని మూడుగా విభజించెను. జంతువులనుండి వచ్చునవి, మొక్కలనుండి వచ్చునవి, భూమినుండి వచ్చునవి. ఎండోస్కోపు వైద్యుని బల్లమీది సీసాలు ఈ విభాగమున చక్కగా ఇముడును. ఉప్పునీరు పార్థివము. మొక్కజొన్న లేక బంగాళాదుంప స్టార్చినుండి చేసినది, సెల్యులోజునుండి చేసినది, సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు, ఇవి ఔద్భిదములు. గోజాతి ఎముకలనుండియు చర్మములనుండియు తీసిన జెలటిను జాంగమము. మనుష్యరక్తమునుండి తీసిన ఆల్బుమిను, ఫైబ్రినోజెనులను కొందరు వాడిచూచిరి. రోగి రక్తమునే తీసి అతని ప్రేగు పొరలోనికెక్కించి, అది చాలసేపు నిలుచుటను గమనించినవారును కలరు. లోకమున ఔషధము కాని ద్రవ్యమే లేదనియు, యుక్తియు ప్రయోజనమును తెలిసి వాడవలెననియు చరకుని మతము. వైద్యునికి ఆ మాట చాలును. రోగికి చాలకపోవచ్చును.

గోవును పూజించువాడు గోవు ఎముకలనుండి తీసిన ద్రవమును తన ప్రేగు గోడలో ధరింపవచ్చునా? యెహోవాసాక్షులు రక్తమును స్వీకరింపరు; అందుండి వేరుచేసిన ఆల్బుమిను వంటి అంశములను మాత్రము ఎవరి అంతరాత్మకు వారిని విడిచిపెట్టుదురు. వస్తువు స్వరూపము సమూలముగా మారిపోయినపుడు దాని పూర్వపు అశుచి నిలువదని ఇస్లామీయ ధర్మవేత్తలు ఇస్తిహాలా యను పేర నొక సూత్రము చెప్పుదురు. ఏ మార్పు సమూలమైనదో, జెలటిను అందు చేరునో లేదో యని వారిలోనే వాదములున్నవి. మన స్మృతికారులు ఆపద్ధర్మమను తలుపును తెరచియుంచిరి. ఆ తలుపు ఎంత తెరచినదో కొలిచి చూపిన కథ ఛాందోగ్యమున నున్నది. ప్రాణాపాయమున సర్వాన్నమును అనుమతమను బ్రహ్మసూత్రమునకు ఆధారమును అదియే.

వడగండ్లచే పంటలు నాశనమైన కురుదేశమున ఉషస్తి చాక్రాయణుడు ఆకలితో అలమటించుచు, గుగ్గిళ్ళు తినుచున్న యొకని యాచించెను. తినుచున్నవి తప్ప వేరే లేవని ఆతడు తన ఎంగిలి గుగ్గిళ్ళే ఇచ్చెను; ఉషస్తి తినెను. పిదప ఆతడు త్రాగుటకు నీరుగూడ నియ్యబోగా, ఎంగిలి నీరు త్రాగనని ఉషస్తి వలదనెను. గుగ్గిళ్ళు ఎంగిలి కావా యని ఆతడు నిలదీసెను. అవి తినకున్న బ్రతికియుండెడివాడను కాను, నీరు నాకు కోరినచోట దొరకునని ఉషస్తి ఉత్తరము. ఇందలి సూక్ష్మత మన ప్రశ్నకు నేరుగా వర్తించును. అనుమతికి మూలము అవసరము; అవసరము ప్రత్యామ్నాయము దొరకునంతవరకే. జెలటినుకంటె వేరు గతిలేని చోట గోభక్తుడు దానిని స్వీకరించిన దోషములేదు; మొక్కలనుండి పుట్టినదో, మరల మరల ఎక్కింపవలసివచ్చినను ఉప్పునీరో అంతే భద్రముగా పని చేయునపుడు, ఆపద యను మాట అచట చెల్లదు. అంతే భద్రముగానా యను నిర్ణయము మాత్రము పురోహితునిది కాదు, వైద్యునిది; ఈ భాగమున ధర్మశాస్త్రము వైద్యశాస్త్రమునకు లోబడియే నడువవలెను. కాని వైద్యుడు రంధ్రమును గూర్చియు రక్తస్రావమును గూర్చియు ముందుగా చెప్పి సమ్మతి పొందినట్లే, ద్రవము ఎందునుండి పుట్టినదో అడిగినవానికే గాక అడుగనేరనివానికిని చెప్పుట న్యాయమని నా అభిప్రాయము. ఎంగిలి యని తెలియక తినినవానికి ఉషస్తికున్న ధర్మనిర్ణయపు అవకాశము లేకపోయెను గదా.

ఇంత చర్చ జరిగిన పిమ్మట 2012లో అమెరికా వైద్యుడు బిన్‌మోలర్ మొత్తము ప్రశ్ననే తలక్రిందులు చేయు పద్ధతి నొకటి ప్రకటించెను: ద్రవము నెక్కించుటయే వలదు. సూది లేదు, బొబ్బ లేదు, నిలుకడను గూర్చిన తగవును లేదు. ప్రేగులోని గాలిని పీల్చివేసి, లోపలి దారిని నీటితో నింపి, ఆ నీటి అడుగుననే ఉచ్చు వేసి గడ్డను కోయుటయే. కాశ్మీర శైవమున అభినవగుప్తుడు ఆణవము, శాక్తము, శాంభవము అను మూడు ఉపాయములకును పైన అనుపాయమును నిలిపెను. అదియు ఉపాయము బొత్తిగా లేకపోవుట కాదని, అత్యల్పమైన ఉపాయమని తంత్రాలోక వ్యాఖ్యాత జయరథుడు సర్దిచెప్పెను. ఇచట మిగిలిన అల్పోపాయము లోపలి దారిని నింపిన నీరు. అది కణజాలమున జొరబడదు, పని ముగిసినంతనే వచ్చిన గొట్టముగుండనే వెనుకకు పోవును. అన్ని గడ్డలకు ఇది చాలదు. విశాలముగా పరచుకొన్న గడ్డను ఒకే ఫలకముగా ఒలుచువారు నేటికిని సూదినే నమ్ముకొనియున్నారు. విద్యుత్తు లేకుండ చల్లని ఉచ్చుతోనే కోయువారు వేడి భయమే లేదు గనుక చిన్న గడ్డలకు ద్రవము వలదనుచున్నారు.

ఈ పద్ధతి ఏల పని చేయునో వివరించునపుడు బిన్‌మోలర్ చెప్పిన కారణము మిక్కిలి ఆలోచింపదగినది. లోపల చూచుటకు వీలుగానుండవలెనని వైద్యులు ప్రేగులోనికి గాలి నూదుదురు. గాలికి గోడ సాగి పలుచబడును. పలుచబడిన గోడలో శ్లేష్మపొరయు కండరమును ఒకదానికొకటి ఒత్తుకొని చదునగును. రంధ్రభయములో పెద్ద పాలు అచటినుండి వచ్చినదే. గాలిని తీసివేసి నీటిని నింపినచో గోడ తన సహజమైన మందమునకు వచ్చును; కొవ్వుతో తేలికయైన పై పొరలు నీటిలో తమంత తామే తేలి ముడుతలుగా లేచును; కండరపొర మాత్రము గుండ్రముగా తన చోటనే నిలుచును. అర్ధశతాబ్దికి పైగా ఏ ద్రవముతో ఎత్తవలెనని వెదకిన పొర, ఊదుట మానినంతనే లేచుచున్నది.